తూట్ల సంచి

"నాకు నచ్చిన సైట్లూ బ్లాగులూ ఒక పాతిక ఉంటాయి. కొన్నింట్లో రోజూ రాస్తారు, కొన్నింట్లో ఆరునెలలకోసారి. కొత్తది ఎప్పుడు పడిందో తెలియాలంటే పాతికా రోజూ తెరిచి చూసుకోవాల్సిందేనా?"

ఇంటర్నెట్ గురించి నలుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. అడిగేవాళ్లలో రిటైరైన మాస్టార్లుంటారు, పోటీ పరీక్షలకి చదివే పిల్లలుంటారు, ఏదో ఒక శాఖ ఇచ్చే నోటీసు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేవాళ్లుంటారు. జవాబు చాలా చిన్నది: అక్కర్లేదు, ఫీడు పెట్టుకుంటే చాలు. అయితే ఈ మాట మా వట్లూరులో అనకూడదు. అంటే వెంటనే "ఏ చెరువుకి?" అని అడుగుతారు.

వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. ఏలూరు నుంచి బెజవాడ వెళ్లే రైలు దారిలో, ఊరు దాటగానే వచ్చే చిన్న స్టేషను వట్లూరు. ఇంజనీరింగు కాలేజీల పేర్ల పక్కన మా ఊరి పేరు కనబడుతుంది కాబట్టి బయటివాళ్లకి చదువుల ఊరిగా తెలుసు. కానీ పెదపాడు దారిన కొల్లేటి వైపు దిగితే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. ఆ చెరువుల మీద బతికేవాళ్లకి ఫీడు అంటే ఒకటే: మేత. ఈ అధ్యాయానికి నేను వెతుక్కోకుండానే దొరికిన పోలిక అది. దొరికాక చూస్తే, కంప్యూటరు పుస్తకాల్లో చెప్పే పోలికల కంటే ఇదే నిజానికి దగ్గరగా ఉంది.

వేలాడదీసిన మేత

మా బాబాయి చెరువు దగ్గర పొద్దున్నే జరిగే పని ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. చెరువులో వరసగా వెదురు గెడలు పాతి ఉంటాయి. ఖాళీ ఎరువుల సంచి ఒకటి తీసుకుని, దాని అడుగు భాగాన రెండు మూడు వరసలుగా తూట్లు పొడుస్తారు. నూనె తీసిన తవుడు, అందులో కొంచెం గానుగ చెక్క కలిపి సంచిలో నింపుతారు. పడవ మీద వెళ్లి ఒక్కో గెడకి ఒక్కో సంచి కట్టి, అడుగు నీళ్లలో మునిగేలా వదిలేసి వస్తారు. అంతే. మేత చల్లరు, చేపల్ని పిలవరు. రాగండీ బొచ్చే వాటంతట అవే సంచి దగ్గరికొచ్చి మూతితో పొడుస్తాయి. పొడిచినప్పుడల్లా తూటులోంచి కాస్త రాలుతుంది. ఒకటి రెండు గంటల తర్వాత మళ్లీ వెళ్లి సంచి ఎత్తి చూస్తే తేలిగ్గా పైకొస్తుంది. ఈ పద్ధతి మన కొల్లేరు రైతులు పనిలోంచి కనిపెట్టుకున్నది. చేపల పెంపకం మీద రాసిన విదేశీ నివేదికలు కూడా దీన్ని ఆంధ్రా పద్ధతిగానే చెప్పుకుంటాయి. చల్లితే సగం మేత నీటిపాలు, కడితే తినేదాకా సంచిలోనే ఉంటుంది.

వెబ్ ఫీడు కూడా అచ్చంగా ఇలా వేలాడదీసిన మేతే. బ్లాగు రాసే ఆవిడ కొత్త టపా, అంటే కొత్త రాత, పెట్టగానే అది మీ ఫోనుకి ఎగిరి రాదు. ఆవిడ బ్లాగుకి మీరెవరో తెలియను కూడా తెలియదు. బ్లాగును నడిపే సాఫ్టువేరు చేసేదల్లా, తన గుమ్మం పక్కన ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో ఈమధ్య రాసినవాటి జాబితాను ఎప్పటికప్పుడు మార్చి రాస్తూ ఉండటం. మీ దగ్గరున్న ఫీడు రీడరు అనే సాఫ్టువేరు, అరగంటకో గంటకో ఓసారి ఆ గుమ్మం దాకా వెళ్లి జాబితా చూసొస్తుంది. కొత్తది కనబడితే మీకు చూపిస్తుంది. లేకపోతే నోరెత్తదు.

ఫీడు గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది దాన్ని పేపరు కుర్రాడితో పోలుస్తారు: చందా కడితే పొద్దున్నే గుమ్మంలో పడుతుందని. వినడానికి బాగుంటుంది గానీ ఆ పోలిక దారి తప్పిస్తుంది. పేపరు కుర్రాడికి మీ ఇల్లు తెలియాలి. ఈమెయిల్లో వార్తలు పంపేవాళ్లకి మీ చిరునామా ఇవ్వాలి. ఆ చిరునామా రేపు ఇంకెవరి చేతికి పోతుందో మీకు తెలియదు. ఫీడు దగ్గర మీరు ఇచ్చేదేమీ లేదు. ఫలానా దారిన ఎవరో వచ్చి చూసి వెళ్లారని మాత్రం సైటుకి కనబడుతుంది. మానేయాలనిపిస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు, వెళ్లడం మానేస్తే చాలు. చందా రద్దు చేసుకోవడానికి నాలుగు పేజీలు తిరిగిన అనుభవం ఉన్నవాళ్లకి ఈ సుఖం విలువ తెలుస్తుంది.

సంచిలో ఏముంది?

ఆ చిన్న ఫైలును విప్పి చూద్దాం. బ్రౌజరులో నేరుగా తెరిస్తే కోణపు బ్రాకెట్ల మధ్య ఇరుక్కున్న మాటలు కనబడి భయపెడతాయి. భయపడాల్సిందేమీ లేదు. చేపల లోడు కట్టేచోట నిలబడి చూసినవాళ్లకి ఇది తెలిసిన వ్యవహారమే. ఐసు వేసి నింపిన ట్రేలు వరసగా పేరుస్తారు. ఒక్కో ట్రేలో ఏముందో, ఎంతుందో, ఎవరిదో లెక్క ఉంటుంది. ఆ లోడు వెళ్లే హౌరాలో దింపేవాడికి తెలుగు రాదు, ఎక్కించేవాడికి బెంగాలీ రాదు. అయినా లెక్క రాసే తీరు ఇద్దరికీ తెలుసు కాబట్టి సరుకు చేరుతుంది.

ఫీడులో ఒక్కో టపా ఒక ట్రే. దాని మీద రాసి ఉండేవి కొన్నే: శీర్షిక, పూర్తి పాఠం దొరికే చిరునామా, రాసిన తేదీ, గంట, ఒక సారాంశం లేదా మొత్తం పాఠం. వీటితోపాటు ఎవరి కంటికీ ఆనని ముఖ్యమైన వస్తువు ఇంకొకటుంది: చీటీ నంబరు. ప్రతి టపాకీ ఎప్పటికీ మారని గుర్తు ఒకటి తగిలిస్తారు. శీర్షికలో అచ్చుతప్పు దిద్దినా, మధ్యలో ఒక పేరా మార్చినా ఆ నంబరు మారదు. మీ రీడరు ఆ నంబర్లన్నీ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టే చదివేసిన టపా మళ్లీ కొత్తదానిలా రాదు. కొన్ని సైట్లు ఈ నంబరును సరిగా తగిలించవు. అలాంటి సైటు ఫీడు పెట్టుకుంటే, ఒక పొద్దున లేచేసరికి చదివిన యాభై వ్యాసాలూ మళ్లీ కొత్తవైపోయి వరస కట్టి ఉంటాయి.

సంచి ఎంత పెద్దదో కూడా చూసుకోవాలి. వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైట్లలో, ఎవరూ మార్చకపోతే, ఫీడులో తాజా పది టపాలే ఉంటాయి. పదకొండోది రాగానే అన్నిటికంటే పాతది జాబితాలోంచి జారిపోతుంది. మీ రీడరు నెల రోజులు ఆ వైపు వెళ్లకపోతే మధ్యలో వచ్చినవి ఎన్ని జారాయో దానికి తెలియదు. అందుకే ఫీడును పాత సంచికల బీరువా అనుకోకూడదు. అది తాజా మేత మాత్రమే.

ఈ లెక్క రాసే తీరు పుట్టింది 1999 మార్చిలో. అప్పట్లో బ్రౌజరు తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీ, తన పోర్టల్లో వేర్వేరు సైట్ల శీర్షికల్ని ఒకచోట చూపించాలనుకుంది. ఆ పని మీద కూర్చున్నవాళ్లలో డాన్ లిబ్బీతోపాటు మన మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహా ఉన్నారు. దానికి పెట్టిన పేరు ఆర్ఎస్ఎస్. నెట్‌స్కేప్ కొద్దికాలానికే దాన్ని వదిలేసింది. డేవ్ వైనర్ అనే బ్లాగరి ఒక దారిన, ఇంకొక బృందం మరో దారిన దాన్ని పెంచారు. ఆ రెండో బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే 14 ఏళ్ల కుర్రాడున్నాడు. 2002లో వైనర్ తెచ్చిన రెండో వెర్షను స్థిరపడింది. ఈ తగాదాలతో విసిగినవాళ్లు 2005లో ఆటమ్ అని ఇంకొక తీరును ప్రమాణంగా రాసిపెట్టారు. ఆర్ఎస్ఎస్ అన్న మూడక్షరాలకి మూడు రకాల అర్థాలు ఎందుకున్నాయో ఆ కొట్లాటలు చదివితేగానీ బోధపడదు. మనకి అంత అవసరం లేదు. ఇవాళ దొరికే ఏ రీడరైనా అన్ని తీర్లనూ చదువుతుంది.

వాకబు చేసే పద్ధతి

అరగంటకోసారి వెళ్లి చూడటం అన్నాను. కంప్యూటరువాళ్లు దీన్ని పోలింగు అంటారు. మనకి ఓట్లు గుర్తొచ్చే మాట అది. వాకబు అనుకుందాం. ఒక్క రీడరు రోజుకో టపా పడే ఒక్క సైటును రోజుకి 48 సార్లు వాకబు చేస్తే, అందులో 47 సార్లు కొత్తదేమీ ఉండదు. వెళ్లిన ప్రతిసారీ జాబితా మొత్తం మోసుకొచ్చి, ఇంటికొచ్చాక పాతదేనని తెలుసుకోవడం తెలివితక్కువ పని కదా.

దీనికో చక్కని ఉపాయం ఉంది. మొదటిసారి జాబితా ఇచ్చినప్పుడే సైటు దాంతోపాటు ఒక ఆనవాలు ఇస్తుంది. అది అర్థంలేని అక్షరాల వరస, జాబితా మారితే అదీ మారుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు రీడరు ఆ ఆనవాలు చూపించి, "నా దగ్గర ఇది ఉంది, దీని తర్వాత ఏమైనా మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే సైటు 304 అనే అంకెతో ఊరుకుంటుంది. మారలేదు అని దానర్థం. జాబితా కదలదు, ఖర్చు దాదాపు లేదు. పోస్టాఫీసు మెట్లెక్కకుండానే "ఉత్తరాలేమైనా ఉన్నాయాండీ?" అని కేకేస్తే, లోపల్నుంచి తల అడ్డంగా ఆడించడం లాంటిది.

ఈ మర్యాద పాటించని రీడర్లూ ఉంటాయి. అన్ని రీడర్లూ గంట కొట్టగానే ఒకేసారి బయల్దేరితే ఏమవుతుందో 2004లో ఇన్ఫోవరల్డ్ పత్రిక సైటు వాళ్లు చూశారు. ప్రతి గంట మొదట్లో ఒక్కసారిగా వేలమంది గుమ్మం మీద పడ్డట్టు రద్దీ లేచి, కొన్ని నిమిషాల్లో చల్లారేది. సంచులన్నీ ఒకే గెడకి కడితే చేపలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. బుద్ధున్న రీడర్లు ఒక్కో సైటుకి ఒక్కో నిమిషం ఎంచుకుని, రోజూ రాసేవాళ్ల దగ్గరికి తరచుగా, ఆరునెలలకోసారి రాసేవాళ్ల దగ్గరికి అరుదుగా వెళ్తాయి.

ఖతుల కంచె, కూడలి

ఇంగ్లీషులో ఫీడులు ఊపందుకుంటున్న రోజుల్లో తెలుగుకి ఒక విచిత్రమైన అడ్డం ఉండేది. పెద్ద పత్రికల తెలుగు సైట్లు ఎవరి ఖతి వాళ్లు వాడేవి. ఖతి అంటే ఫాంటు. తెర మీద 'క' అని కనబడుతున్నా, ఫైలు లోపల ఉన్నది ఏదో ఒక ఇంగ్లీషు గుర్తు. ఆ సైటు వాళ్ల ఖతి ఉన్నచోటే అది 'క'గా కనబడుతుంది. ఇంకోచోటికి తీసుకెళ్తే పిచ్చిగీతలు. ఫీడు చేసే పనే పాఠాన్ని సైటులోంచి బయటికి తీయడం. అలాంటప్పుడు సొంత ఖతిలో ఉన్న పాఠం ఫీడుకి పనికిరాదు. సంచిలోంచి రాలింది చేప నోటికి ఇసక రేణువులా తగులుతుంది.

యూనికోడ్ ఈ చిక్కు విప్పింది. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే అంకె. 'క'కి డాలస్‌లోనైనా తాడేపల్లిగూడెంలోనైనా అదే. పాత ఖతుల్లో ఉన్నదాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే పరికరాన్ని వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకి కొబ్బరికాయ కొట్టిందీ ఆయనే. తర్వాత వీవెన్ అనే పేరుతో అందరికీ తెలిసిన బ్లాగరి 'లేఖిని'ని తెచ్చారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు పడే పేజీ అది. కీబోర్డు నేర్చుకోవాలన్న భయం అక్కడితో పోయింది. అమెరికాలో ఉద్యోగాలు చేసేవాళ్లు, హైదరాబాదులో చదివే పిల్లలు, ఊళ్లలో ఉన్న రచయితలు బ్లాగులు మొదలుపెట్టారు.

బ్లాగులు పెరిగాక మనం మొదట అనుకున్న ప్రశ్నే వాళ్లకీ ఎదురైంది: ఎవరు ఎప్పుడు ఏం రాశారో తెలిసేదెలా? వీవెన్ దీనికి 2006లో కట్టిన జవాబు పేరు కూడలి. దానికి ఆయన ప్రతి బ్లాగరి ఇంటికీ వెళ్లి వ్యాసాలు అడగాల్సిన పనిలేదు. తెలుగు బ్లాగుల ఫీడు చిరునామాలు ఒకచోట చేర్చి, వాటన్నిటినీ వంతులవారీగా వాకబు చేసే సాఫ్టువేరు పెడితే చాలు. కొత్త టపా ఏ మూల పడినా కూడలి మొదటి పేజీలో దాని శీర్షిక, నాలుగు వాక్యాలు కనబడేవి. మిగతాది చదవాలంటే నొక్కి ఆ బ్లాగుకే వెళ్లాలి. ఇలాంటి చోటుకి మనవాళ్లు సంకలిని అని పేరు పెట్టుకున్నారు. జల్లెడ, హారం, మాలిక అంటూ మరికొన్ని సంకలినులొచ్చాయి. టపా, వ్యాఖ్య, బ్లాగరి వంటి మాటలు ఆ గుంపులో చెలామణీ అయి స్థిరపడ్డాయి. ఎవరో కమిటీ వేసుకుని చేసిన పదకోశం కాదు. వాడగా వాడగా అరిగి నున్నబడిన మాటలు కాబట్టే ఇప్పటికీ నిలిచాయి.

కూడలిలో వరస కట్టే సూత్రం ఒకటే: చివర రాసింది పైన. పేరున్న రచయిత టపా కిందనో పైనో, నిన్ననే బ్లాగు తెరిచిన పిల్లవాడి మొదటి టపా ఉండేది. ఇక్కడ గడియారం చేసే పని ఒకటి చెప్పుకోవాలి. డాలస్‌లో ఎండాకాలం రాత్రి పదింటికి రాసిన టపా మనకి మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరది. ఏది ముందు, ఏది వెనక? ఫీడులో తేదీ పక్కనే ఆ గడియారం ప్రామాణిక సమయానికి ఎంత ముందు వెనకలుగా ఉందో రాసి ఉంటుంది. మనదైతే అయిదున్నర గంటలు ముందు. దాన్ని బట్టి సంకలిని ఇద్దరినీ ఒకే లెక్కలోకి తెచ్చుకుంటుంది. టపా ఎప్పుడూ పైనే ఉండాలని రేపటి తేదీ వేసుకునే గడుసువాళ్లు ఎక్కడైనా ఉంటారు. అందుకని జాగ్రత్తగా కట్టిన సంకలిని, టపా మీద రాసిన గంటను కాక తాను మొదటిసారి చూసిన గంటనే నమ్ముతుంది.

అదే ఏడాది, అదే మాట

2006 సెప్టెంబరులో అమెరికాలో ఇంకొక ఫీడు పుట్టింది. ఫేస్‌బుక్ న్యూస్ ఫీడు. ఇవాళ ఫీడు అంటే ఎక్కువమందికి గుర్తొచ్చేది అదే. మాట ఒకటే గానీ సంగతి వేరు. మొదటి రకంలో ఏ గెడ దగ్గరికి వెళ్లాలో మీరు నిర్ణయిస్తారు, వరస గడియారం నిర్ణయిస్తుంది. రెండో రకంలో ఏది పైకి రావాలో, ఏది మీ కంటపడకుండా పోవాలో కంపెనీ సాఫ్టువేరు తేలుస్తుంది, మీరు ఎంతసేపు అక్కడే తిరుగుతారన్నదే దాని లెక్క. ఆ చెరువులో మేత కూడా ఉచితమే. పట్టుబడి రోజున వలలోకి వచ్చేదెవరన్నది చేపల రైతుకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి రకం ఫీడుకి పెద్ద దెబ్బ తగిలింది 2013లో. గూగుల్ రీడర్ అనే ఉచిత రీడరు 2005 అక్టోబరు నుంచి ఉండేది. అది ఎంత బాగుండేదంటే వేరే రీడర్ల జోలికి చాలామంది పోలేదు. 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసేసింది. ఫీడులు చచ్చిపోయాయని చాలామంది అప్పుడు రాశారు. నాకు ఆ మాట ఒప్పుదల కాదు. మూతపడింది ఒక రీడరు. సంచులన్నీ ఎక్కడివక్కడే కట్టి ఉన్నాయి. గూగుల్ రీడర్ వాడేవాళ్లు తమ ఫీడు చిరునామాల జాబితాను ఒక ఫైలుగా దించుకుని, ఫీడ్లీ వంటి వేరే రీడరులో పెట్టుకుంటే మర్నాటి నుంచి అన్నీ మామూలే. ఫేస్‌బుక్ మూతపడితే మీ స్నేహితుల జాబితాను అలా జేబులో వేసుకుని ఇంకో చోటికి వెళ్లగలరా, ఆలోచించండి.

చచ్చిపోయిందన్న ఈ ఫీడు మీదే చాలా పాడ్‌కాస్టులు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. ట్రేలో పాఠంతోపాటు శబ్దం ఫైలు చిరునామా కూడా తగిలించవచ్చని డేవ్ వైనర్ 2000లోనే చేర్చారు. హర్షణీయం లాంటి తెలుగు కథల పాడ్‌కాస్టు కొత్త భాగం మీ ఫోనులోకి వస్తోందంటే, వెనక ఒక రీడరు వెళ్లి ఒక సంచి ఎత్తి చూసిందన్నమాటే. దాన్ని ఫీడు అని ఎవరూ పిలవరు, అంతే తేడా.

బుడమేరు పొంగితే

వేలాడదీసిన మేతలో ఒక లోపం ఉందని ఈపాటికి మీకు తట్టే ఉంటుంది. అరగంటకోసారి వాకబు అంటే, కబురు అరగంట ఆలస్యంగా అందవచ్చు. కథకైతే ఫరవాలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు బెజవాడను ముంచి, ఆ నీళ్లు కొల్లేటి మీదికి దిగుతున్నప్పుడు లంక గ్రామాలవాళ్లకి అరగంట చిన్న మాట కాదు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ కొల్లేట్లో కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. పైన వాన పడ్డ కబురు నీటికంటే ముందు అందాలి.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది, మధ్యవర్తిని పెట్టుకోవడం. సైటు తన జాబితా మారగానే మధ్యవర్తికి చెబుతుంది, తనకు ముందే చెప్పి ఉంచిన రీడర్లందరికీ మధ్యవర్తి అప్పటికప్పుడు అందిస్తాడు. 2009లో మొదలైన ఈ ఏర్పాటు వెబ్‌సబ్ అనే పేరుతో 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. రెండోది హెచ్చరికల కోసమే పుట్టింది. తుపాను, పిడుగు, వరద ఏదైనా సరే, ఎక్కడ, ఎప్పటిదాకా, ఎంత తీవ్రం, ఏం చేయాలి అన్నవి ఒకే తీరున రాసే పద్ధతి ఒకటి ఉంది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సచేత్ అనే వేదిక ద్వారా ఆ తీరులో హెచ్చరికలు ఇస్తుంది, వాటిని ఫీడుగా కూడా కట్టి ఉంచుతుంది. సంచి అక్కడ యంత్రాల కోసం. మనుషుల కోసమైతే టవరు నుంచి ఫోన్లన్నిటికీ ఒకేసారి మోగించే పద్ధతి వేరే ఉంది. 2023లో మీ ఫోను ఉన్నట్టుండి గట్టిగా అరిచి, ఇది పరీక్ష మాత్రమే అని రాసి చూపించింది, గుర్తుందా? చేపలు వచ్చేదాకా ఆగకుండా మేత చల్లడం అన్నమాట. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అదే సరైనది. రోజువారీ చదువుకి మాత్రం చల్లే పద్ధతి వద్దనే నా ఓటు.

వట్లూరు పేజీకి ఒక సంచి

ఇప్పుడు మీ చేత్తో ఒకటి కట్టుకుని చూడండి. ఫోనులో ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటిది ఏదైనా, కంప్యూటరులో ఈమెయిలు కోసం థండర్‌బర్డ్ ఉంటే అదైనా సరిపోతుంది. అందులో కొత్త ఫీడు చేర్చే చోట మీకిష్టమైన బ్లాగు మామూలు చిరునామా వేయండి. ఫీడు చిరునామా పేజీ లోపల దాగి ఉంటుంది, రీడరు దాన్ని తనే వెతుక్కుంటుంది. అంతర్జాలంలో 1998 నుంచి వస్తున్న ఈమాట పత్రిక దగ్గర్నుంచి, కేంద్ర ప్రభుత్వ ప్రకటనలిచ్చే పీఐబీ దాకా ఇలా చేర్చుకోవచ్చు. యూట్యూబు ఛానెళ్లకి కూడా ఫీడు ఉంటుంది, గంట గుర్తు నొక్కక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సంచి వేరే ఉంది. తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీకీ చరిత్ర అని ఒక పేజీ ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అందులో నమోదవుతుంది. ఆ చరిత్రకి కూడా ఫీడు ఉంది. వట్లూరు పేజీ చరిత్రను నేను రీడరులో పెట్టుకున్నాను. ఎక్కడో కూర్చుని ఎవరైనా మా ఊరి జనాభా అంకె మార్చినా, మండలం పేరు దగ్గర జిల్లా దిద్దినా నాకు తెలిసిపోతుంది. 2022 ఏప్రిల్లో ఏలూరు జిల్లా ఏర్పడ్డప్పుడు ఈ ప్రాంతపు ఊళ్ల పేజీలకి ఎంత పని పడిందో ఊహించండి.

కొన్ని చోట్ల మాత్రం సంచే ఉండదు. ఒకసారి ఒక విద్యాసంస్థ, ఫీజు గడువు మార్చిన సంగతిని సైటులో ఎక్కడో అడుగున పీడీఎఫ్‌గా పెట్టింది. ఫీడు లేదు, తేదీ లేదు, పాత పీడీఎఫ్ పేరే కొత్తదానికీ. మా వీధి కుర్రాడికి నేనే చూసి చెప్తానని మాటిచ్చి, మూడు రోజులు ఆలస్యంగా చూశాను. వాడికి పడిన అపరాధ రుసుములో సగం నేనే కట్టాను.

ఈ అధ్యాయం రాయడం మొదలుపెట్టిన వారంలో బాబాయికి ఇదంతా చెరువు గట్టు మీద వివరించాను. ఆయన సంచి మూతి బిగిస్తూ విన్నాడు. చివరికి ఒకటే అడిగాడు.

"ఏరా, మరి పొద్దున్నే చేప రేటు దానికి కూడా ఇలా కట్టుకోవచ్చా?"

ఆయనకి రేటు వాట్సాప్‌లో వస్తుంది. తెల్ల కాగితం మీద పెన్నుతో రాసి, ఫొటో తీసి, గ్రూపులో వేస్తారు. రీడరుకి అది బొమ్మ మాత్రమే. అందులో అంకెలున్నాయని దానికి తెలియదు, నిన్నటి కాగితానికీ ఇవాళ్టి కాగితానికీ తేడా తెలియదు. రాసేవాళ్లే ఫొటో బదులు రెండు ముక్కలు టైపు చేసి ఏదో ఒక బ్లాగులో వేస్తే చాలు బాబాయ్, మిగతాది అదే చూసుకుంటుంది అన్నాను.

"అయితే సంచి కట్టాల్సింది నువ్వూ కాదు, నేనూ కాదు. ఆ కాగితం రాసేవోడు" అని, పడవను గెడతో ఒక్క తోపు తోసి తర్వాతి గెడ దగ్గరికి వెళ్లిపోయాడు.